చెయ్యి చాచినంత దూరం కరాటేది, చొక్కా అందాక జూడోది

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఆత్మరక్షణకు ఏదైనా నేర్పిద్దామనుకున్నాం. మా వారు చిన్నప్పుడు మూడేళ్లు కరాటే చేశారు, అందుకని కరాటేలోనే చేర్పిద్దాం అంటారు. మా తమ్ముడు కాలేజీలో జూడో ఆడాడు. "బావా, ఒక్కసారి కాలర్ దొరికిందా, మీ కరాటే పనైపోయినట్టే" అంటాడు. "కాలర్ దాకా రానిస్తే కదా" అని ఈయన. రోజూ ఇదే గోల. చివరికి రెండు చోట్లా ఒక్కో వారం ట్రయల్ క్లాసులకు పంపాం. కరాటేలో హుషారుగా ఉంది, ఇంటికొచ్చి అద్దం ముందు గుద్దులు ప్రాక్టీస్ చేస్తోంది. జూడోలో రెండో రోజే ఎదురుగా ఉన్న పిల్ల చొక్కా పట్టుకునేసరికి కొయ్యబారిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. మొదటి నుంచీ మీద చెయ్యి వేస్తే భయపడే పిల్ల. నిజంగా పోట్లాట వస్తే ఏది గెలుస్తుంది? మా అమ్మాయికి ఏది మంచిది? ఇంకో మాట, నాకు నలభై ఒకటి, కుడి మోకాలు అప్పుడప్పుడు నొప్పి పెడుతుంది. నేను కూడా చేరితే నవ్వుతారా?

సమాధానం: మీ వారూ, మీ తమ్ముడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారమ్మా. కాకపోతే ఒకే పోట్లాటలో ఆయన మొదటి రెండు సెకన్ల గురించి మాట్లాడుతున్నారు, మీ తమ్ముడు ఆ తర్వాతి సంగతి చెబుతున్నాడు.

నేను ఇందులో తటస్థుణ్ని కాదని ముందే చెప్పేస్తాను. ఆరేళ్లు కరాటే చేసి, బ్రౌన్ బెల్టు కట్టుకుని, ముప్ఫై దాటాక జూడో మ్యాట్ ఎక్కాను. మొదటి రోజు నాకు జోడీగా వచ్చిన కుర్రాడు నాకంటే పదిహేను కిలోలు తక్కువుంటాడు. వాడు ఎడమ చేత్తో నా కుడి మోచేతి దగ్గర చొక్కా, కుడి చేత్తో కాలర్ పట్టుకున్నాడు. నేను అలవాటు కొద్దీ వెనక్కి లాక్కున్నాను. తప్పంతా అక్కడే ఉంది. నేను ఎటు లాగానో వాడు అటే వచ్చాడు, వాడి కుడి కాలు నా కుడి కాలి వెనక నుంచి కొడవలిలా కోసుకుపోయింది, తర్వాత నాకు కనబడింది సీలింగు. ఆ విసురుడు పేరు ఓసోటో గారి. 'గారి' అంటే కోయడం. ఆ గంటలో సీలింగు ఇంకో పదకొండు సార్లు చూశాను.

క్లాసయ్యాక అదే కుర్రాడు కరాటే చూపించమన్నాడు. పట్టుకోవడానికి చెయ్యి చాచమన్నాను. వాడు అడుగు వేసిన ప్రతిసారీ నా ముందు చెయ్యి వాడి ముక్కు దగ్గర ఉంది. మూడుసార్లు అలా అయ్యాక నాలుగోసారి వాడు తల వంచుకుని దూసుకొచ్చి నడుము పట్టేశాడు. ఇక మళ్లీ సీలింగే.

మీ ఇంట్లో వాదన మొత్తం ఈ రెండు ముక్కల్లో ఉంది. అయితే ఎవరిది ఎక్కువో చెప్పడానికి ఇది సరిపోదు. అసలు ఆ రెండూ శరీరానికి ఏం నేర్పుతాయో, ఎలా నేర్పుతాయో చూడాలి.

కరాటే నమ్ముకున్నది దూరాన్ని. ఎదుటివాడి చెయ్యి నాకు అందకూడదు, నేను ఒక్క అడుగు వేస్తే నా పిడికిలి వాడికి అందాలి. మీ అమ్మాయి అద్దం ముందు వేస్తున్న గుద్దు బహుశా గ్యాకు జుకి అయి ఉంటుంది, మొదటి వారంలోనే నేర్పుతారు. ఎడమ కాలు ముందు, కుడి పిడికిలి నడుము పక్కన. చూసేవాళ్లకు భుజం కొడుతున్నట్టు ఉంటుంది కానీ, మొదలు కింద ఉంది. వెనక కాలు నేలను తోస్తుంది, తుంటి తిరుగుతుంది, ఆ తిరుగుడు భుజం మీదుగా పిడికిలి ముందు రెండు కణుపుల దాకా వస్తుంది. తగిలే ఆ క్షణం దాకా చెయ్యి వదులుగా ఉండాలి, తగిలేటప్పుడు మాత్రం ఒళ్లంతా బిగుసుకోవాలి. ముందే బిగిస్తే గుద్దు నెమ్మదిస్తుంది. ఇంతా ఒక సెకనులో మూడో వంతు కూడా పట్టని పని. అందుకే వేలసార్లు చేయిస్తారు.

గుద్దుతున్నప్పుడు రెండో చెయ్యి నడుము దగ్గరికి లాక్కోమంటారు, గమనించారా? దానికి హికితే అని పేరు. గాలిలో చేస్తుంటే అదేదో అందానికి పెట్టినట్టుంటుంది. కరాటే పుట్టిన ఒకినావా దీవిలోని పాత పద్ధతి తెలిసిన సీనియర్లు చెప్పే అర్థం వేరు. ఎదుటివాడి చేతినో బట్టనో పట్టుకుని మన వైపు లాగుతూ కొట్టడం. అంటే పట్టు కరాటేలోనూ ఉంది. ఈనాటి పోటీల్లోనే అది దాదాపు కనబడకుండా పోయింది. కరాటేని ఒకినావా నుంచి టోక్యోకు తెచ్చిన ఫునాకోషి గిచిన్ తన పుస్తకాల్లో మనిషిని పడేసే పద్ధతులు కూడా చూపించాడు. ఈ సంగతి మీ వారికి చెప్పండి, సంతోషిస్తారు.

జూడో లెక్క వేరు. బలంగా నిలబడిన మనిషిని ఎత్తి పడేయడం కష్టం, పడబోతున్న మనిషిని పడేయడం తేలిక. కాబట్టి ముందు వాణ్ని పడబోయేలా చెయ్యాలి. తూకం చెడగొట్టే ఆ పనిని కుజుషి అంటారు. తర్వాత మన ఒంటిని సరైన చోటికి చేర్చడం, ఆఖరున విసరడం. చూసేవాళ్లకు విసరడమే కనిపిస్తుంది, ఆడేవాళ్లకు మాత్రం మొదటిదే ముఖ్యం. దేయాషి బరాయి అని ఒకటుంది. ఎదుటివాడు అడుగు వేస్తున్నాడు, పాదం నేలకు తగిలీ తగలనట్టుంది, బరువు ఇంకా దాని మీదికి పూర్తిగా రాలేదు. సరిగ్గా అప్పుడు మన అరికాలితో ఆ పాదాన్ని పక్కకు ఊడ్చేస్తే అరటి తొక్క మీద కాలేసినట్టు పడతాడు. అరక్షణం ముందు ఊడిస్తే వాడు కాలు తీసేసుకుంటాడు. అరక్షణం ఆలస్యమైతే గుంజను తన్నినట్టే, మన కాలే వాస్తుంది. నేను ఈ ఒక్కదాని మీద రెండేళ్లు పెట్టాను, ఇప్పటికీ పదింటికి రెండు పడితే గొప్ప.

జూడోని మొదలుపెట్టిన కానో జిగొరో దీన్ని ఒక చిన్న లెక్కతో చెప్పేవాడు. ఎదుటివాడి బలం పది, నాది ఏడు అనుకోండి. వాడు తోస్తే నేనూ ఎదురు తోస్తే ఓడిపోతాను. వాడు తోసినంత మేరా నేను వెనక్కి తగ్గితే వాడు ముందుకు తూలతాడు. తూలిన మనిషికి అప్పుడు మూడంత బలమే మిగులుతుంది, నాకు నా ఏడూ ఉంటాయి. అందులో సగం పెట్టినా చాలు.

వినడానికి బాగుంది కదా. మీ తమ్ముడు ఇక్కడే ఆగి "అందుకే జూడోలో చిన్నవాడు పెద్దవాణ్ని పడేస్తాడు" అని ఉంటాడు. కొంతవరకే నిజం. 1964లో టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి పెట్టినప్పుడు బరువు తరగతులు మూడు, బరువుతో పనిలేని ఓపెన్ విభాగం ఒకటి ఉన్నాయి. మూడు తరగతులూ జపానే గెలిచింది. ఓపెన్‌లో మాత్రం నెదర్లాండ్స్‌కు చెందిన ఆంటన్ హేసింక్, ఆరున్నర అడుగుల మనిషి, జపాన్ ఆటగాడు కామినాగా అకియోని నేలకు అదిమిపట్టి బంగారు పతకం తీసుకున్నాడు. సొంత హాల్లో జపాన్ వాళ్లు బిత్తరపోయారు. పాపం కామినాగాకు విద్య తక్కువా? కాదు. హేసింక్‌కూ అదే విద్య వచ్చు, పైగా ఒళ్లుంది. ఇద్దరికీ సమానంగా వచ్చినప్పుడు బరువే గెలుస్తుంది, రెండింట్లోనూ అంతే. బరువు తరగతులు పెట్టిందే అందుకు.

ఇక అసలు విషయం. ఈ రెండింటి మధ్య నాకు కనబడే పెద్ద తేడా గుద్దడం, విసరడం కాదు. పూర్తి బలంతో, ఒప్పుకోని మనిషి మీద ప్రాక్టీస్ చెయ్యగలమా లేదా అన్నది.

కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే గుడిలో పన్నెండు టాటామి చాపల జాగాలో క్లాసు మొదలుపెట్టినప్పుడు ఆయనకు ఇరవై ఒక్కేళ్లు. బక్కపలచని మనిషి. స్కూల్లో తోటివాళ్ల చేతిలో దెబ్బలు తిని, పాత జుజుత్సు గురువుల దగ్గర చేరినవాడు. ఆ జుజుత్సులో కళ్లు పొడవడం, వేళ్లు విరవడం లాంటివన్నీ ఉండేవి. వాటిని ఎవరి మీద ప్రాక్టీస్ చేస్తారు? నటించాల్సిందే. కానో చేసిన తెలివైన పని, అలాంటి ప్రమాదకరమైనవాటిని, గుద్దులతో సహా, విడిగా కటా అనే వరస అభ్యాసంలో పెట్టేశాడు. మిగిలిన విసరడం, అదిమిపట్టడం, గొంతు బిగించడం, కీలు మెలిపెట్టడం మాత్రం రాండోరి అనే స్వేచ్ఛా సాధనలో ఉంచాడు. రాండోరిలో ఎదుటివాడు మీ మాట వినడు. పడనంటాడు, తిరిగి మిమ్మల్నే పడేస్తాడు. ప్రమాదకరమైనది తీసేయడం వల్లే మిగిలింది గట్టిపడింది. వారానికి మూడు రోజులు, ఏడాదికి కొన్ని వందల సార్లు, నిజంగా ఎదిరించే మనిషిని పట్టుకున్న పిల్లకూ పట్టుకోని పిల్లకూ తేడా ఎక్కడున్నా కనబడుతుంది.

కరాటేకు ఆ వెసులుబాటు లేదు. పూర్తి బలంతో గొంతు మీద గుద్దు ప్రాక్టీస్ చేద్దామంటే క్లాసులో ఇద్దరిలో ఒక్కరే మిగులుతారు. ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాన్ని స్కూలు పిల్లలకు తెచ్చినప్పుడు కటాల రూపంలోనే నడిపాడు. 1922లో కరాటేని టోక్యోకు తెచ్చిన ఫునాకోషికీ కటాల మీదే గురి, పోటీలంటే ఇష్టం లేదు. ఆయన 1957లో పోయారు, జపాన్ కరాటే అసోసియేషన్ మొదటి జాతీయ పోటీలు పెట్టింది కూడా ఆ ఏడాదే. ఆ పోటీల పద్ధతిలో దెబ్బను ఒంటికి తగలబోయే ముందు ఆపేయాలి. సున్‌దోమే అంటారు. 'సున్' అంటే మూడు సెంటీమీటర్లు, అంత దూరంలో ఆపడం. అదుపు అద్భుతంగా వస్తుంది. దాంతోపాటు ఆపే అలవాటూ వస్తుంది. తగలనివ్వడమే మా పద్ధతి అని ఒయామా మసుతత్సు క్యొకుషిన్ అనే కరాటే శాఖ పెట్టాడు. అక్కడ తొడల మీద, పక్కటెముకల మీద నిజంగానే కొడతారు, కానీ పోటీల్లో ముఖం మీద చేత్తో కొట్టకూడదు. కొన్నేళ్లు అలా ఆడినవాళ్లను చూడండి, చేతులు ముఖం ముందు నుంచి కిందికి దిగిపోతాయి. ప్రతి పద్ధతీ ఏదో ఒకటి వదులుకుంటుంది, ఆ వదులుకున్న చోటే దాని బలహీనత మొలుస్తుంది.

జూడో అందుకు మినహాయింపేమీ కాదని మీ తమ్ముడికి చెప్పండి. చేత్తో కాళ్లు పట్టుకుని పడేయడాన్ని పోటీల్లో 2010లో చాలావరకు, 2013 నాటికి పూర్తిగా ఆపేశారు. దాంతో ఇప్పటి కుర్రాళ్లకు కాళ్ల మీదికి దూకేవాణ్ని ఎదుర్కోవడం పాతవాళ్లంత బాగా రాదు. ఇంకోటి, జూడో చొక్కా గోనెపట్టాలా దిట్టంగా ఉంటుంది. పలచటి టీషర్టు మీద అదే పట్టు పడితే బట్ట చేతికొస్తుంది, మనిషి రాడు. పట్టును మెడకో, చంకలోకో, మణికట్టుకో మార్చుకోవడం విడిగా నేర్చుకోవాలి. అందరూ నేర్పరు.

కరాటే పోటీల నియమాల వింత చూడాలంటే టోక్యో ఒలింపిక్స్‌లో, అంటే 2021లో జరిగిన ఆటల్లో, డెబ్బై అయిదు కిలోలకు పైబడిన మగవాళ్ల ఫైనల్ చూపించండి మీవాళ్లకు. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేది నాలుగు ఒకటి తేడాతో ముందున్నాడు. ఎత్తుగా ఒక తన్ను తన్నాడు, ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. దెబ్బ అదుపు లేకుండా తగిలిందని హమేదిని డిస్‌క్వాలిఫై చేశారు. బంగారు పతకం స్పృహ తప్పినవాడికి వచ్చింది, ఆయనకు ఆ సంగతి తెలివొచ్చాక తెలిసింది. చాలామంది నవ్వుకున్నారు. నాకైతే నియమం తప్పనిపించలేదు. ఆ ఆట పరీక్షించేది అదుపును, అందులో ఆయన తప్పాడు. కానీ ఆ ఆటకు తయారైన ఒళ్లు వీధిలో ఏం చేస్తుందన్నది వేరే ప్రశ్న, దానికి ఆ పతకం జవాబు చెప్పదు. ఇదే సందర్భంలో మీ వారు ఒకటి గమనించాలి. ఆ తన్ను తగిలాక గంజ్‌జాదే కాలర్ కోసం చెయ్యి చాచే స్థితిలో లేడు. "కాలర్ దాకా రానిస్తే కదా" అన్న మాట ఉత్త గొప్ప కాదు.

గెలుపు సంగతి సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. ఇద్దరూ ఆరు నెలలే నేర్చుకున్నవాళ్లయితే, బరువు సమానమైతే, ఒక్కడికి ఒక్కడు అయితే, నేను జూడో వైపు పందెం కాస్తాను. ఆరు నెలల కరాటే పిల్లకు ఎదురు తిరిగే మనిషి ఇంకా పెద్దగా అలవాటై ఉండదు. జూడో పిల్లకు మొదటి నెలల నుంచీ అదే పని. పదేళ్లు నేర్చుకున్నవాళ్లయితే నేను పందెం కాయను. మంచి కరాటే మనిషి మొదటి దెబ్బ ఎప్పుడు వస్తుందో కనబడదు. ఎదుట ఇద్దరుంటే మాత్రం జూడో వల్ల చిక్కే. ఒకణ్ని పట్టుకున్నామంటే మన రెండు చేతులూ వాడికి అప్పగించినట్టే, రెండోవాడు ఖాళీగా ఉంటాడు. అక్కడ దూరం పాటిస్తూ, కొట్టి తప్పుకునే కరాటే మేలు. చేతిలో కత్తి ఉంటే రెండూ పక్కన పెట్టి పరిగెత్తడమే, ఏ మాస్టారైనా వేరేగా చెబితే ఆ క్లాసు మానిపించండి. ఇంకో విషయం ఎవరూ చెప్పరు. మ్యాట్ మీద చేసే విసురుడు సిమెంటు నేల మీద చేస్తే ప్రాణం పోవచ్చు. పెద్దయ్యాక మీ అమ్మాయికి ఇది తెలిసి ఉండాలి.

గుద్దడం, తన్నడం, విసరడం, మెలిపెట్టడం అన్నీ ఉండే మిశ్రమ పోటీల్లో రెండు వైపులా ఛాంపియన్లు ఉన్నారు. 2009లో ఆ పోటీలు నడిపే యూఎఫ్‌సీ సంస్థ లైట్ హెవీవెయిట్ బెల్టు గెలిచిన ల్యోటో మచీదా తండ్రి దగ్గర ఫునాకోషి శైలి అయిన షోటోకాన్ కరాటే నేర్చుకున్నాడు. రోండా రౌజీ 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కంచు పతకం తెచ్చి, ఆ చెయ్యి మెలిపెట్టే పట్టుతోనే తర్వాత చాలామందిని ఓడించింది. మచీదాకు నేల మీది పట్లు కూడా బాగా వచ్చు. రౌజీని 2015లో హోలీ హోమ్ దూరం నుంచి కొట్టి కొట్టి, ఆఖరికి తల మీద తన్ని పడేసింది. మీ ఇంట్లో ఈ ఒక్క ముక్క చెబితే ఇంకో వారం వాదనకు సరుకు దొరుకుతుంది, అందుకు నన్ను తిట్టుకోకండి.

అసలు ఈ రెండు విద్యల పెద్దలు మీ ఇంట్లో అంత కూడా కొట్టుకోలేదు. 1922లో ఫునాకోషి టోక్యో వచ్చినప్పుడు ఆయన్ను తన జూడో బడి కొడొకాన్‌కు పిలిచి కరాటే చూపించమన్నది కానోయే. ఫునాకోషి ఊరికి తిరిగి వెళ్లకుండా ఉండిపోయి అక్కడే నేర్పడం మొదలుపెట్టాడు. కానో జూడోలో పెట్టిన, నల్ల బెల్టు స్థాయిలను లెక్కించే డాన్ పద్ధతినీ, జూడో వాళ్లలాంటి తెల్ల డ్రెస్సునూ తీసుకున్నాడు. మీ వారి పాత కరాటే డ్రెస్సు ఇంకా అటక మీద ఉంటే, అది ఒక రకంగా జూడో ఇంటి నుంచి వచ్చిందే.

సరే, మీ అమ్మాయి.

కొయ్యబారిపోయింది అని రాశారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాను. అద్దం ముందు గుద్దులు ఎంత బాగా వేసినా, ఎవరైనా చెయ్యి పట్టుకోగానే ఒళ్లు మొద్దుబారిపోతే ఆ గుద్దు బయటికి రాదు. పన్నెండేళ్ల పిల్లకు రేపు ఎదురయ్యేది ఎలాంటిది? ఎవడో కరాటే భంగిమలో నిలబడి రమ్మనడు. మణికట్టు పట్టుకోవడం, జడ లాగడం, వెనక నుంచి వాటేసుకోవడం, గోడకు నెట్టడం. అన్నీ చొక్కా అందాక మొదలయ్యేవే. కాబట్టి నా ఓటు జూడోకి. ఆమె ఏడ్చిందే, ఆ ఏడుపు వల్లే ఇలా అంటున్నాను.

అలాగని రేపే లాక్కెళ్లి మ్యాట్ మీద తోసేయొద్దు. భయపడే పిల్లను బలవంతంగా పట్టుకుంటే భయం ముదురుతుంది. మాస్టారితో మీరే విడిగా మాట్లాడండి. మొదటి నెల ఆమెను ఎవరూ పట్టుకోకూడదు, ఆమే పట్టుకోవాలి. జోడీ పిల్లను కూడా ఆమే ఎంచుకోవాలి, తనకంటే చిన్న పిల్ల అయినా ఫర్వాలేదు. పట్టు ముందు మన చేతిలో ఉంటే ఒళ్లు అంత బిగుసుకోదు. నేల మీద అదిమిపట్టే ఆటలు ముందు ఆడించి, నిలబడి చేసేవి తర్వాత పెట్టమనండి. నేల మీదే ఉంటే పడిపోతామన్న భయం ఉండదు కదా, పిల్లలు నవ్వుతూ దొర్లుతారు. ఆ నవ్వుల మధ్యే ఇంకొకరి బరువు అలవాటవుతుంది. రెండు నెలలయ్యాక కూడా వద్దంటే వదిలేయండి, కరాటేలో చేర్పించండి, మీ తమ్ముడు మూతి ముడుచుకున్నా సరే. ఇష్టంగా వెళ్లే కరాటే, ఏడుస్తూ వెళ్లే జూడో కంటే నూరు రెట్లు నయం. అప్పుడు కరాటే మాస్టార్ని ఒక్కటే అడగండి, జంటగా పట్టు విడిపించుకునే సాధన వారానికి ఎన్నిసార్లు చేయిస్తారని.

జూడోకి ఓటు వేశాను కాబట్టి దాని ప్రమాదం గురించి దాచకూడదు. జపాన్ స్కూళ్లలోనే 1983 నుంచి మూడు దశాబ్దాల్లో జూడో వల్ల వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. తలకు దెబ్బలే ముఖ్య కారణం, వాళ్లలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కువ. నన్ను మొదటి రోజు పడేసిన ఆ ఓసోటో గారి లాంటి వెనక్కి పడేసే విసుర్లలో తల వెనక భాగం నేలకు కొట్టుకోవడం వల్ల జరిగినవి అందులో చాలా ఉన్నాయి. పడడం సరిగ్గా నేర్పకుండా విసరడం మొదలుపెడితే అంతే. నన్ను మొదటి రోజే అలా పడేయనిచ్చిన మా మాస్టారిది తప్పేనని ఇప్పుడు అనిపిస్తుంది. నాకేమీ కాకపోవడం అదృష్టం.

పడడాన్ని ఉకెమి అంటారు. గడ్డం గుండెకు ఆనించి, చూపు సొంత బెల్టు ముడి మీద పెట్టాలి. అప్పుడు తల దానంతట అదే పైకి ఉంటుంది. వీపు గుండ్రంగా దొర్లాలి, రెండు చేతులూ ఒంటికి కాస్త ఎడంగా చాచి అరచేతులతో చాపను చరచాలి. ముందు కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి. కొన్ని వారాలు ఇదే చేయిస్తుంటే "ఇంకా ఏమీ నేర్పలేదే" అని మీ తమ్ముడు విసుక్కోవచ్చు, పట్టించుకోకండి. నిజం చెప్పాలంటే నేను రెండు విద్యల్లో ఇన్నేళ్లు గడిపి బయట వాడింది ఇదొక్కటే. తడి మెట్ల మీద జారినప్పుడు. లేచి ప్యాంటు దులుపుకున్నాకే పడ్డానని తెలిసింది. క్లాసులో పడి తల తగిలితే మాత్రం, పైకి మామూలుగా ఉన్నా, ఆ రోజుకు ఆట ఆపించి డాక్టరుకు చూపించండి. తలనొప్పి, వాంతి, మగత ఉంటే అసలు ఆలస్యం చెయ్యొద్దు.

క్లాసు ఎంచుకునేటప్పుడు గోడ మీది కప్పులు, బెల్టులు చూడకండి. ఒక మూల కూర్చుని, కొత్తగా చేరిన పిల్లను సీనియర్ ఎలా పడేస్తున్నాడో చూడండి. పడేటప్పుడు ఆమె చొక్కా చెయ్యి పట్టుకుని పైకి లాగి తల కాపాడుతున్నాడా, లేక పడేసి గర్వంగా నిలబడుతున్నాడా. అది చాలు. కరాటే అయితే, ఒకరు కొడుతుంటే ఇంకొకరు బొమ్మలా నిలబడుతున్నారా, లేక కదులుతూ తప్పించుకుంటున్నారా చూడండి.

ఇక మీరు. మీకు మాత్రం కరాటే. జూడోలో పదే పదే పడి లేవడం, ఒంటికాలి మీద ఇంకొకరి బరువు మోస్తూ తిరగడం నొప్పి ఉన్న మోకాలికి మంచిది కాదు. కరాటేలో మీ వేగం మీ చేతిలో ఉంటుంది. ముందు మోకాలి నొప్పి ఎందుకో డాక్టరును అడగండి, ఆ తర్వాత చేరండి. జెన్‌కుత్సు దాచి అని ముందు కాలు వంచి లోతుగా నిలబడే భంగిమ ఉంటుంది, దాన్ని మీరు ఎత్తుగానే వేయండి. ముందు మోకాలు కాలి వేళ్లు చూస్తున్న వైపే ఉండాలి, లోపలికి వాలకూడదు. పక్క నుంచి తిప్పి తన్నే మవాషి గెరి వేసేటప్పుడు నేల మీదున్న కాలి పాదం కూడా తిరగాలి. పాదం అతుక్కుపోయి ఒళ్లు ఒక్కటే తిరిగితే ఆ మెలి మొత్తం మోకాలి మీద పడుతుంది. నలభై దాటి చేరినవాళ్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఎత్తుగా తన్నాలన్న సరదా ఉంటే ఏడాది ఆగండి.

నవ్వుతారా అంటే, మొదటి వారం నవ్వుతారు. పన్నెండేళ్ల పిల్లల పక్కన తెల్ల బెల్టుతో వరసలో నిలబడితే మీకే నవ్వొస్తుంది. నేను ముప్ఫై మూడేళ్లకు జూడోలో తెల్ల బెల్టు కట్టుకున్నప్పుడు ముడి వెయ్యడం నేర్పింది ఎనిమిదేళ్ల పిల్లాడు.

ఈసారి అమ్మాయిని జూడోకి పంపే ముందు చేతి గోళ్లు, కాలి గోళ్లు కత్తిరించండి, చెవి రింగులు తీసేయండి. గోళ్లు పొడుగ్గా ఉంటే మ్యాట్ మీదికి రానివ్వరు, మళ్లీ అక్కడ ఇంకో ఏడుపు మొదలవుతుంది.